తక్కువశ్రేణి పౌరుషగ్రంథి కాన్సరు ప్రాకునా? దానిని కనిపెట్టియుండవలసిన విధము

అఱువదియేండ్లు దాటిన పురుషులలో మూత్రబాధ సామాన్యము. రాత్రివేళ నాలుగైదు మాఱులు లేవవలసివచ్చుట, ధార సన్నగిల్లుట, ఆరంభమగుటకు ఆలస్యమగుట మొదలగు కారణములచే పట్టణమునకు బోయి పరీక్షలు చేయించుకొన్నవారిలో కొందఱికి "పౌరుషగ్రంథిలో కాన్సరు కలదు, అయితే తక్కువశ్రేణిది" అని వైద్యులు చెప్పుచున్నారు. కాన్సరను మాట చెవిని బడినంతనే కుటుంబమంతయు కలవరపడును. కొందఱు ఆ వారముననే పొలము తాకట్టుపెట్టి శస్త్రచికిత్సకు సిద్ధపడుదురు. మఱికొందఱు "తక్కువశ్రేణిదే గదా" యని కాగితములను పెట్టెలో నుంచి మఱచిపోవుదురు. ఈ రెండు మార్గములును ప్రమాదకరములే. మొదటిదానివలన అనవసరమైన ఋణమును శరీరబాధయు గలుగవచ్చును. రెండవదానివలన ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. కావున తక్కువశ్రేణి కాన్సరు ఇతర అవయవములకు ప్రాకునా, ప్రాకనిచో దానిని ఏల కనిపెట్టియుండవలయును అను రెండు ప్రశ్నలకు సమాధానములను మన సంఘసభ్యుల ఉపయోగార్థము ఇచట వివరించుచున్నాము.

గ్రంథి స్వరూపము

పౌరుషగ్రంథిని వైద్యులు ప్రోస్టేటు అందురు. ఇది పురుషులకు మాత్రమే యుండును. మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళమును చుట్టుకొని, యౌవనమున అక్రోటుకాయంత పరిమాణము గలిగి, వయస్సుతోపాటు పెరుగుచుండును. వీర్యమునందలి ద్రవములో కొంతభాగము దీనినుండి పుట్టును. గ్రంథి ఉబ్బినపుడు మూత్రనాళము నొక్కుకొనిపోవుటచే మూత్రబాధ కలుగును. వయసుమీఱినవారి మూత్రబాధలలో అధికభాగము ఈ యుబ్బువలననే గాని కాన్సరువలన గాదు. ఉబ్బు వేఱు, కాన్సరు వేఱు. ఉబ్బు కాన్సరుగా మాఱదు. అయినను రెండును ఒకే మనుష్యునియందు గూడి యుండవచ్చును. కాన్సరు తొలిదశలో తఱచుగా ఏ బాధయు గలిగింపదు. ఇదియే దానియందలి చిక్కు.

ఈ గ్రంథి పి.యస్.ఏ. యను నొక మాంసకృత్తును తయారుచేయును. అందులో స్వల్పభాగము రక్తములోనికి వచ్చును. రక్తములో దాని పరిమాణమును కొలుచు పరీక్షను అమెరికా ప్రభుత్వము 1986లో వ్యాధిగ్రస్తులను కనిపెట్టియుండుటకును, 1994లో వ్యాధిని కనుగొనుటకు సహాయముగను అంగీకరించినది. మిల్లీలీటరు రక్తమునకు 4 నానోగ్రాములు మించినచో వైద్యులు సాధారణముగా మఱికొన్ని పరీక్షలు చేయింతురు. అయితే గ్రంథి ఉబ్బినను, అందు చీము పట్టినను, మూత్రము దీయుటకు గొట్టము వేసినను ఈ సంఖ్య పెరుగును. కావున సంఖ్య పెరిగినంతమాత్రమున కాన్సరని నిశ్చయింపరాదు. గ్రంథినుండి సూదితో చిన్నచిన్న ముక్కలు దీసి సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించినగాని నిజము తేలదు. ఈ పరీక్షకే బయాప్సీ యని పేరు.

శ్రేణి యనగా నేమి?

1966లో అమెరికాలోని మినియాపోలిస్ నగరమునందు డోనాల్డ్ గ్లీసన్ అను వైద్యుడు ఈ కాన్సరును కణముల అమరికనుబట్టి విభజించు పద్ధతిని ప్రకటించెను. ఆరోగ్యమైన గ్రంథిలో కణములు చిన్నచిన్న వలయములుగా నేర్పడియుండును. కాన్సరు పుట్టినను ఈ వలయములు విడివిడిగా, ఆకారము చెడక యున్నయెడల దానికి 3 అను అంకె నిత్తురు. వలయములు ఒకదానితో నొకటి కలిసిపోయి జల్లెడవలె నైనయెడల 4. వలయములే లేక కణములు చెల్లాచెదరుగా నున్నయెడల 5. వరుసలుదీర్చి నాటిన మడికిని, గుబురులుగా మొలచిన మడికిని, ఇష్టము వచ్చినచోట్లనెల్ల కలుపు లేచిన మడికిని గల తారతమ్యమువంటిదే యిది. పరీక్షించిన ముక్కలలో ముఖ్యముగా గానవచ్చు రెండు అమరికల అంకెలను గూడి మొత్తము చెప్పుదురు. 3, 3 కలిసిన 6. 3, 4 కలిసిన 7. ఇట్లు 10 వఱకు.

ఇచట నొక అపోహ గలుగుచున్నది. మొదట గ్లీసన్ 1 నుండి 5 వఱకు అంకెలను వాడినను, 1, 2 అంకెలను ఇప్పుడు బయాప్సీలో వాడుట లేదు. కావున 6 యన్నది అన్నిటికంటె తక్కువ సంఖ్య. ఈ సంగతి యెఱుగక "పదింట ఆఱు వచ్చినది, సగము దాటినది" అని భయపడువారు పెక్కుమంది. ఈ తికమకను దీర్చుటకై 2014లో అంతర్జాతీయ రోగపరీక్షకుల సభ 1 నుండి 5 వఱకు గల క్రొత్త శ్రేణులను అంగీకరించినది. పాతపద్ధతిలోని 6 యే క్రొత్తపద్ధతిలోని 1వ శ్రేణి. 3, 4 కలిసిన 7 రెండవ శ్రేణి, 4, 3 కలిసిన 7 మూడవ శ్రేణి, 8 నాలుగవది, 9, 10 అయిదవది. తక్కువశ్రేణి యని ఈ వ్యాసమున జెప్పునది 1వ శ్రేణిని మాత్రమే.

తక్కువశ్రేణి కాన్సరు ప్రాకునా?

ఎక్కువశ్రేణి కాన్సరు ముదిరినపుడు మొదట కటిభాగమందలి లసికాగ్రంథులకును, తఱువాత వెన్నెముక, తుంటి మొదలగు ఎముకలకును ప్రాకును. 1వ శ్రేణి కాన్సరు సంగతి యట్లు గాదు. 2012లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధన యిందుకు ముఖ్యమైన ఆధారము. గ్రంథిని పూర్తిగా దీసివేయగా అందు 6 లేక అంతకు తక్కువ సంఖ్యమాత్రమే కనబడినదని వ్రాయబడిన 14,123 మంది సంగతులను పరిశీలించిరి. వారిలో లసికాగ్రంథులకు కాన్సరు ప్రాకినవారు 22 మంది మాత్రమే. ఆ 22 మందిలో 19 మంది గ్రంథుల ముక్కలు దొరకగా వానిని మఱల సూక్ష్మదర్శినితో జూచిరి. అన్నిటియందును మొదట గుర్తింపబడని ఎక్కువశ్రేణి భాగములు గానవచ్చినవి. అనగా శుద్ధమైన 1వ శ్రేణి కాన్సరు ప్రాకినట్లు ఒక్క నిదర్శనమైనను అచట దొరకలేదు.

ఈ శ్రేణి కాన్సరు గ్రంథి యంచును దాటి ప్రక్కనున్న క్రొవ్వులోనికి కొద్దిగా చొరబడుట అప్పుడప్పుడు కలదు గాని, దూరావయవములకు ప్రాకుట లేదనియే చెప్పవచ్చును. వృద్ధుల శవపరీక్షలలో, జీవితకాలమున ఏ బాధయు లేక ఇతరకారణములచే మృతినొందిన పెక్కుమందిలో ఇట్టి చిన్న కాన్సరులు గానవచ్చుచున్నవి. కావుననే దీనికి కాన్సరను పేరే తీసివేయవలయునని 2022లో కొందఱు ప్రముఖ వైద్యులు ఒక వైద్యపత్రికలో వాదించిరి. పేరువలన గలుగు భయమే అనవసర చికిత్సలకు కారణమని వారి వాదము. పేరు తీసివేసినచో రోగులు పరీక్షలకు వచ్చుట మానివేయుదురనియు, సూక్ష్మదర్శినిలో జూచిన దానికి కాన్సరు లక్షణములు గలవనియు ప్రతిపక్షుల వాదము. ఈ వివాద మింకను తీరలేదు. పేరు ఏదైనను మనకు గావలసినది రెండవ ప్రశ్నకు సమాధానము.

అట్లయిన కనిపెట్టియుండుట యేల?

కారణములు రెండు. మొదటిది, బయాప్సీ గ్రంథినంతటిని చూపదు. పొలమున మట్టినమూనా తీయునపుడు నాలుగైదుచోట్ల త్రవ్వి తీయుదుము గాని పొలమంతయు పరీక్షకు పంపము. ఒకమూల చౌడు ఉండి, నమూనా అచటినుండి తీయనిచో చీటిలో అది కనబడదు. అట్లే సాధారణముగా 12 సూదిముక్కలు దీయు బయాప్సీలో గ్రంథియొక్క మిక్కిలి స్వల్పభాగమే పరీక్షకు వచ్చును. సూది తగులనిచోట ఎక్కువశ్రేణి కాన్సరు దాగియుండవచ్చును. తక్కువశ్రేణి యని చెప్పబడి గ్రంథిని దీయించుకొన్నవారిలో చెప్పుకోదగిన సంఖ్యవారికి, తీసిన గ్రంథిలో ఎక్కువశ్రేణి భాగము బయటపడుచుండుట వైద్యులకు బాగుగా తెలిసిన సంగతి.

రెండవది, కాలక్రమమున అదే గ్రంథిలో ఎక్కువశ్రేణి కాన్సరు క్రొత్తగా పుట్టవచ్చును. ఇది తఱచుగాను శీఘ్రముగాను జరుగునది కాదు, అయినను జరుగును.

దీనినిబట్టి "1వ శ్రేణి ప్రాకదు" అను మాటకును, "నాకు 1వ శ్రేణి యని కాగితములో నున్నది, కావున నాకు భయము లేదు" అను మాటకును గల భేదమును గ్రహింపవలయును. మొదటిది కాన్సరునుగూర్చిన సత్యము. రెండవది మనుష్యునిగూర్చిన ఊహ. ఆ ఊహ నిజమగునో కాదో తెలిసికొనుటకే పరీక్షలను మాఱుమాఱు జరుపుట.

రెండు దేశముల అనుభవము

కెనడాదేశమందలి టొరాంటోనగరమున లారెన్స్ క్లాట్జ్ అను వైద్యుడును ఆయన సహచరులును 1995 నుండి యిట్టి రోగులకు వెంటనే చికిత్స చేయక శ్రద్ధతో కనిపెట్టు పద్ధతిని అనుసరించిరి. 2015లో 993 మంది ఫలితములను ప్రకటించిరి. అందు కొందఱు మధ్యమశ్రేణివారును గలరు. ఈ కాన్సరువలన మృతినొందినవారు 15 మంది. పదునైదేండ్ల గడువునకు సగముకంటె ఎక్కువమందికి, అనగా నూటికి 55 మందికి, ఏ చికిత్సయు అవసరము గాలేదని లెక్క తేలినది. తక్కినవారు వ్యాధి మాఱిన లక్షణములు గానవచ్చుట మొదలగు కారణములచే చికిత్స పొందిరి.

ఇంగ్లండు మొదలగు బ్రిటిషు ప్రాంతములలో 1999 నుండి 2009 వఱకు పి.యస్.ఏ. పరీక్షచే వ్యాధి బయటపడినవారిలో 1,643 మందిని చీట్లు వేసినట్లు మూడు భాగములుగా విభజించిరి. 545 మందిని కనిపెట్టియుండిరి. 553 మందికి శస్త్రచికిత్సయు, 545 మందికి కిరణచికిత్సయు నిర్ణయించిరి. వీరిలో అధికసంఖ్యాకులు తక్కువశ్రేణివారే గాని అందఱును కారు. పదునైదేండ్ల ఫలితములు 2023లో వెలువడినవి. కాన్సరువలన మృతినొందినవారు కనిపెట్టిన భాగములో 17 మంది, శస్త్రచికిత్స భాగములో 12 మంది, కిరణచికిత్స భాగములో 16 మంది. ఈ భేదము లెక్కకు రాదగినది కాదు. ఇతర అవయవములకు వ్యాధి ప్రాకినవారు మాత్రము కనిపెట్టిన భాగములో 51 మంది, తక్కిన భాగములలో 26, 27 మంది. అనగా ప్రాకుట ఇంచుమించు రెట్టింపు. మృతులలో భేదము లేకున్నను, ప్రాకుటయే యొక కష్టము. దానికి దీర్ఘకాల చికిత్స గావలసివచ్చును.

ఇందు గమనింపవలసినది మఱియొకటి గలదు. ఆ పరిశోధనలో కనిపెట్టుట ముఖ్యముగా రక్తపరీక్షమీదనే యాధారపడినది. బయాప్సీని నియమితకాలములందు తిరిగి చేయుటగాని, నేటివలె యం.ఆర్.ఐ. చిత్రములు దీయుటగాని అందు నియమము గాదు. కనిపెట్టు పద్ధతి సడలినకొలది దాగియున్న ఎక్కువశ్రేణి వ్యాధి తప్పించుకొనుటకు అవకాశము హెచ్చు. కావున "కనిపెట్టియుండుట" యనగా ఊరకుండుట గాదు.

తొందరపడి చికిత్స చేయించుకొన్నచో నష్టమేమి యని యడుగవచ్చును. ఆ పరిశోధనలోనే శస్త్రచికిత్స భాగమువారిలో ఆఱునెలలకు నూటికి 46 మంది మూత్రము కాఱుటచే గుడ్డ పెట్టుకొనవలసివచ్చెను. ఆఱేండ్లకుగూడ నూటికి 17 మందికి ఈ యవస్థ తీరలేదు. దాంపత్యశక్తి తగ్గుట పెక్కుమందికి గలిగెను. కిరణచికిత్సవలన కొందఱికి మలాశయబాధ కలుగును. పొలమున వంగి పనిచేయువానికి, దూరపు సంతకు పోవువానికి, ఈ బాధలు చిన్నవి గావు. అవసరమైనపుడు వీనిని సహింపవలసినదే. అవసరము లేనపుడు కొనితెచ్చుకొనరాదు.

కనిపెట్టు క్రమము

సాధారణముగా అనుసరింపబడు క్రమ మిది. పి.యస్.ఏ. రక్తపరీక్ష ఆఱునెలల కొకమాఱు. వైద్యుడు వ్రేలితో గ్రంథిని తడవి గట్టితనము చూచుట ఏడాది కొకమాఱు. మొదట యం.ఆర్.ఐ. తీయనిచో తీయించుట. మొదటి బయాప్సీ జరిగిన యేడాదిలోపల ధ్రువపఱచుకొనుటకై రెండవ బయాప్సీ. తఱువాత రెండు మొదలు అయిదేండ్ల కొకమాఱు బయాప్సీ. వయస్సును, ఇతరవ్యాధులను, యం.ఆర్.ఐ. ఫలితమును బట్టి వైద్యుడు ఈ గడువులను మార్చును.

యం.ఆర్.ఐ. యొక్క ఉపయోగమును 2018లో ప్రకటింపబడిన 500 మంది పరిశోధన చూపినది. చిత్రము దీసి అనుమానము గలిగినచోటనే సూది గ్రుచ్చిన భాగములో నూటికి 38 మందికి చికిత్స గోరదగిన కాన్సరు బయటపడగా, చిత్రము లేక గ్రుచ్చిన భాగములో 26 మందికే బయటపడెను. చౌడు ఎచటనున్నదో ముందు చూచి నమూనా దీయుటకును, కన్నులు మూసికొని దీయుటకును గల భేదమే యిది.

రెండవ బయాప్సీలో శ్రేణి పెరిగినను, చిత్రములో మచ్చ పెద్దదైనను, వ్రేలికి క్రొత్త గడ్డ తగిలినను చికిత్స సంగతి ఆలోచింపవలయును. పి.యస్.ఏ. ఒక్కటి పెరిగినంతనే చికిత్సకు బోరు. తిరిగి పరీక్షించి కారణము వెదకుదురు.

ఎవరికి ఈ మార్గము తగదు?

పి.యస్.ఏ. 10 మించినవారు, గ్రంథి పరిమాణమును మించి పి.యస్.ఏ. యున్నవారు, పెక్కు ముక్కలలో కాన్సరు గనబడినవారు వైద్యునితో మిక్కిలి జాగ్రత్తగా ఆలోచించి నిర్ణయింపవలయును. తండ్రికిగాని సోదరులకుగాని ఈ కాన్సరు వచ్చి మృతినొందియున్నను, తల్లికి, అక్కచెల్లెండ్రకు చిన్నవయసున రొమ్ముకాన్సరుగాని అండకోశ కాన్సరుగాని వచ్చియున్నను ఆ సంగతి తప్పక చెప్పవలయును. బి.ఆర్.సి.ఏ. 2 అను వంశపారంపర్య లోపము గలవారిలో ఈ కాన్సరు తీవ్రరూపము దాల్చుట హెచ్చు.

ఎనుబదియేండ్లు దాటియో, గుండె, మూత్రపిండముల వ్యాధులచే బలహీనులైయో యున్నవారికి బయాప్సీలు మాఱుమాఱు చేయుట అవసరము గాకపోవచ్చును. వారికి బాధ గలిగినపుడు మాత్రమే చికిత్స చేయుట వేఱొక పద్ధతి. ఈ రెంటిని ఒకటిగా భావింపరాదు.

సభ్యులు గుర్తుంచుకొనవలసిన సంగతులు

మొదటిది. ఇది కొన్ని వారములలో ముంచివేయు వ్యాధి గాదు. నిర్ణయించుటకు కొన్ని నెలల వ్యవధి కలదు. ఆ వ్యవధిలో పొలము అమ్ముటకుగాని అధికవడ్డీకి ఋణము దెచ్చుటకుగాని తొందరపడరాదు.

రెండవది. బయాప్సీ గాజుపలకలును, మైనపుదిమ్మెలును మఱియొక పెద్ద ఆసుపత్రిలోని పరీక్షకునిచే తిరిగి చూపించుకొనవచ్చును. శ్రేణి నిర్ణయము చూచువాని అనుభవముమీద నాధారపడి యుండును గనుక ఇది మేలైన పని. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి ప్రభుత్వ సంస్థ. విశాఖపట్టణమున టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి గలదు. ప్రభుత్వ ఆరోగ్యబీమా పథకములలో ఏయే పరీక్షలకు, చికిత్సలకు సహాయము లభించునో ఆసుపత్రిలోని సహాయకుని ముందుగా నడిగి తెలిసికొనవలయును.

మూడవది. గ్రంథి ఉబ్బునకు ఇచ్చు ఫినాస్టెరైడు, డ్యూటాస్టెరైడు అను మాత్రలు కొన్నినెలలు వాడినచో పి.యస్.ఏ. సంఖ్య ఇంచుమించు సగమునకు దిగును. అది వ్యాధి తగ్గినందున గాదు. వీనిని వాడుచున్న సంగతి వైద్యునికి జెప్పనిచో సంఖ్యను జూచి ఇరువురును మోసపోవుదురు.

నాలుగవది. బయాప్సీ తఱువాత చలితోగూడిన జ్వరము వచ్చినచో తెల్లవాఱువఱకు ఆగక ఆసుపత్రికి బోవలయును. మూత్రము పూర్తిగా బంధించినను, అందు రక్తము పడినను, నడుమునొప్పి విడువక పెరుగుచున్నను, కాళ్లు చచ్చుబడుచున్నట్లు తోచినను ఆలస్యము చేయరాదు.

అయిదవది. సంఘపు పాసుపుస్తకమును భద్రపఱచినట్లే ప్రతి పరీక్ష కాగితమును తేదీవారీగా నొకచోట నుంచవలయును. ఒక్క సంఖ్యవలన తెలియని సంగతి పది సంఖ్యల వరుసవలన తెలియును. రాబోవు పరీక్ష తేదీని ఇంటివారికిగూడ చెప్పియుంచవలయును. నాట్లకాలమున, కోతకాలమున పని యొత్తిడిచే పరీక్ష తప్పిపోవుట సహజము గనుక, సాధ్యమైనంతవఱకు ఆ తేదీలను పనులు తగ్గియుండు నెలలకు కుదుర్చుకొనుట మంచిది.

మనదేశమున ఈ వ్యాధి ఎముకలకు ప్రాకినపిదపనే వైద్యునియొద్దకు వచ్చువారు పెక్కుమంది. తక్కువశ్రేణిలోనే బయటపడుట ఒకవిధముగ నదృష్టమే. ఆ యదృష్టము నిలుచుట నియమితముగా పరీక్షలకు పోవుటపై నాధారపడియున్నది. తొలకరికి ముందే గట్లు చూచుకొను రైతునకు ఈ సంగతి వేఱుగా బోధింపనక్కఱలేదు. సభ్యులు తమ ఇండ్లలోని వృద్ధులకు ఈ వ్యాసమును చదివి వినిపింతురని కోరుచున్నాము.